గంప దించి సైకిలెక్కింది

నెల్లూరు సముద్రతీరంలో ఒక ఊరు. అది మైపాడు కావచ్చు. ఇసకపల్లి కావచ్చు. జువ్వలదిన్నె కావచ్చు. ఆ ఊళ్లో చేపలమ్మే ఒక అక్క ఉందనుకుందాం. అలాంటి అక్క తీరంలో ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఈ పాఠంలో ఆమెకు పేరు లేదు. పేరు మీరే పెట్టాలి. పాఠం చివర ఖాళీ ఉంది. అక్కడ మీ చేత్తో రాయాలి. అప్పటిదాకా ఆమెను చేపలక్క అందాం.

తెల్లారేసరికి పడవలు ఒడ్డుకు వస్తాయి. ఇసుకలోనే వేలం పాట. చేపలక్క నెత్తళ్లో, కానాగంతలో పాడుకుంటుంది. తలమీద చుట్టకుదురు పెట్టి గంప ఎత్తుకుంటుంది. కాలువ దాటి, పొలాల మధ్య నడిచి, పై ఊళ్లకు పోతుంది. గంపలోంచి నీళ్లు మెడమీద కారుతుంటాయి. మెడ గుంజుతుంది.

అమ్మే ఊరు 8 కిలోమీటర్ల దూరం. చేరేసరికి రెండు గంటలు పడుతుంది. అప్పటికే మోపెడ్ల మీద ఐసుపెట్టెలతో వచ్చినవాళ్లు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటారు.

ఒకరోజు ఒక ఇల్లాలు అంది:

"ఇప్పుడే తీసుకున్నాం గదమ్మా. ఒక గంట ముందొస్తే నీకాడే తీసుకునేదాన్ని."

ఎండ ఎక్కింది. చేప మెత్తబడింది. ఆ రోజు మిగిలిన చేపలను చేపలక్క సగం ధరకే ఇచ్చేసింది. వట్టి గంపతో ఇంటికి వస్తూ అదే మాట తలుచుకుంది. ఒక గంట ముందు. ఆ ఒక గంట ఎక్కడ దొరుకుతుంది?

గంట ఎక్కడ దొరుకుతుంది?

లెక్క చేద్దాం.

మనిషి నడిస్తే గంటకు సుమారు 4 కిలోమీటర్లు పోగలడు. 8 కిలోమీటర్లకు 2 గంటలు. అంటే 120 నిమిషాలు.

నిదానంగా సైకిలు తొక్కినా గంటకు సుమారు 12 కిలోమీటర్లు పోవచ్చు. 8 కిలోమీటర్లకు 40 నిమిషాలు.

120లో నుంచి 40 తీసేస్తే 80. అంటే 80 నిమిషాలు మిగిలాయి. ఇల్లాలు అడిగింది ఒక గంటే. దానిమీద ఇంకా 20 నిమిషాలు మిగులు.

చేపలక్క ఇంట్లో సైకిలు ఉంది. అది మొగుడిది. ఆమె దాన్ని రోజూ తుడుస్తుంది. ఎప్పుడూ ఎక్కలేదు.

మొదటి మెట్టు: తొక్కకుండా నేర్చుకోవడం

చేపలక్క మేనకోడలు 9వ తరగతి చదువుతోంది. రోజూ సైకిలు మీద హైస్కూలుకు పోతుంది. ఆ పిల్ల సైకిలుకు మధ్యలో అడ్డకడ్డీ లేదు. చీరతో ఎక్కడానికి వీలు.

సాయంత్రం ఇద్దరూ తుపాను షెల్టరు ముందుకు పోయారు. అక్కడ నేల గట్టిగా ఉంటుంది. వదులు ఇసుకలో చక్రం దిగబడుతుంది. అక్కడ నేర్చుకోవడం కష్టం. అలల పక్కన తడి ఇసుక గట్టిగానే ఉంటుంది. కానీ ఉప్పునీళ్లు సైకిలును తినేస్తాయి.

"పడతానేమో పాపా!" అంది చేపలక్క.

"పడితే లేద్దువులే అత్తా. నేను పడలేదా?" అంది పిల్ల.

మేనకోడలు ముందుగా సీటు కిందికి దించింది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. అలా ఆనితే భయం సగం పోతుంది.

తర్వాత చెప్పింది: "పెడళ్ల జోలికి పోవద్దత్తా. కాళ్లతో నేలను తన్నుకుంటా ముందుకు పో. సైకిలు దొర్లేటప్పుడు కాళ్లు పైకెత్తు."

అక్షరాలు నేర్చుకునేటప్పుడు మనం ముందు 'అ' రాయలేదు. గీతలు గీశాం. సున్నాలు చుట్టాం. చెయ్యి తిరిగాక అక్షరం రాశాం. సైకిలూ అంతే. ముందు నిలకడ రావాలి. తొక్కడం తర్వాత.

నిలకడకు రెండు గుర్తులు ఉన్నాయి.

ఒకటి: చూపు చక్రం మీద ఉండకూడదు. దూరంగా, పోవాల్సిన చోటు మీద ఉండాలి.

రెండు: సైకిలు ఏ పక్కకు ఒరిగితే హ్యాండిలు ఆ పక్కకే కొద్దిగా తిప్పాలి. కొత్తవాళ్లు భయంతో రెండో పక్కకు లాగుతారు. అప్పుడే పడతారు. ఒరిగిన పక్కకు తిప్పితే చక్రాలు మన బరువు కిందికి వస్తాయి. సైకిలు మళ్లీ నిలబడుతుంది.

మొదటి సాయంత్రం చేపలక్క రెండుసార్లు పడింది. మోకాలు గీరుకుంది. మూడో సాయంత్రానికి పది బారల దూరం కాళ్లెత్తి పోయింది.

రెండో మెట్టు: పెడలు, బ్రేకు, బరువు

నాలుగో సాయంత్రం పెడలు మీద కాలు పెట్టింది. ఒక పెడలును పైకి తెచ్చి, దానిమీద కాలు వేసి, గట్టిగా కిందికి తొక్కింది. సైకిలు కదిలింది. కదిలే సైకిలు కన్నా ఆగిన సైకిలు మీద నిలకడ కష్టం. అందుకే మొదటి తొక్కు గట్టిగా ఉండాలి.

వెంటనే బ్రేకు నేర్పింది మేనకోడలు. రెండు బ్రేకులూ కలిపి నిమ్మళంగా పట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే మనిషి ముందుకు తూలుతుంది. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. అప్పుడు ఇంకా ముందునుంచే పట్టాలి.

చీర సంగతి కూడా ఉంది. కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకోవాలి. కొంగు నడుముకు చుట్టి బిగించాలి. వేలాడే కొంగు చక్రంలో పడితే పెద్ద ప్రమాదం.

రోడ్డు మీద ఎప్పుడూ ఎడమ పక్కనే పోవాలి. మలుపు తిరిగేముందు వెనక్కు చూడాలి. చెయ్యి చాపి చూపించాలి.

ఆఖరుకు బరువు. మొదటిరోజే చేపలు పెట్టుకోలేదు చేపలక్క. సంచిలో 5 కిలోల ఇసుక పోసి వెనక కట్టింది. అది అలవాటయ్యాక 10 కిలోలు. ఆ తర్వాత 20 కిలోలు. ఇసుక పడితే నష్టం లేదు. చేప పడితే నష్టం.

ఇరుగుపొరుగు మాటలు

ఊరు ఊరుకుంటుందా?

"ఆడోళ్లు సైకిలెక్కేదేందమ్మా! కలికాలం" అన్నారు కొందరు. పిల్లలు వెంటబడి నవ్వారు. అత్త మొహం తిప్పుకుంది. మొగుడు ఏమీ అనలేదు. కానీ చూడనట్టు పోయాడు.

చేపలక్కకు తెలియని కథ ఒకటి ఉంది. అది మనం తెలుసుకుందాం.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. అక్కడ 1991లో పెద్ద అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అంటే జ్ఞానజ్యోతి ఉద్యమం. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. చదువుతో పాటు సైకిలు కూడా నేర్పాలని ఆమె అనుకున్నారు. చదువు నేర్పే ఆడవాళ్లు ఊరూరా తిరగాలి. బస్సు కోసం, మగవాళ్ల కోసం ఎదురుచూస్తే పని సాగదు.

కూలివాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, చదువు నేర్పే అక్కలు సైకిలు నేర్చుకున్నారు. సైకిళ్లు కొనడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే కొందరు మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. ఆ అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అదే నచ్చింది. అక్కడి వాళ్లూ మొదట మాటలు పడ్డారు. 1992 మహిళా దినోత్సవానికి 1,500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్ల మీద ఊరేగింపు తీశారు. ఆ తర్వాత నవ్వినవాళ్లు నోరు మూసుకున్నారు.

అదే 1992లో మన జిల్లాలో ఏం జరిగిందో మీకు తెలుసు. రాత్రిబడిలో పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు దాని గురించి మాట్లాడుకున్నారు. సారా వద్దని నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ ముందు నిలిచింది. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. అప్పుడు కూడా ముందు నవ్విన వాళ్లు ఉన్నారు.

ఇంకొక మాట. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు చదివే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత హైస్కూల్లో చేరే ఆడపిల్లలు బాగా పెరిగారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువ పెరిగారు. పిల్లకు చదువు మీద ఇష్టం లేక కాదు. దూరమే అడ్డం.

సొంత సైకిలు ఎందుకు?

చేపలక్క మొగుడి సైకిలు మీద పది రోజులు చేపలమ్మింది. గంప వెనక కట్టుకుంది. ముందుగా చేరింది. మంచి ధరకు అమ్మింది.

పదకొండోరోజు వేలంలో చేపలు పాడుకుని వచ్చేసరికి ఇంటి ముందు సైకిలు లేదు. మొగుడు పనిమీద వేసుకుపోయాడు. అతని తప్పు ఏముంది? సైకిలు అతనిది. అతనికీ పని ఉంది.

ఆ రోజు మళ్లీ గంప తలకెక్కింది. మళ్లీ సగం ధర.

సాయంత్రం చేపలక్క అంది:

"నాకొక సైకిలు కావాల. నా డబ్బుతోనే కొనుక్కుంటా."

మొగుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అట్లయితే పాతదే కొందాం. నేను చూసిపెడతా."

"ఇద్దరం చూద్దాం" అంది చేపలక్క.

డబ్బు ఎట్లా? 1990ల్లో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు ఒక రూపాయి దాచారు. నెలకు 30 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ ఆగకుండా దాచారు. అదే దారి చేపలక్క పట్టింది. పాత సైకిలు 3,000 రూపాయలు అనుకుందాం. రోజుకు 20 రూపాయలు పక్కన పెడితే నెలకు 600. అయిదు నెలలకు 3,000.

ఆ అయిదు నెలలూ ఆమె మొగుడి సైకిలు ఉన్నరోజు సైకిలు మీద పోయింది. లేనిరోజు నడిచింది. దాచడం మాత్రం మానలేదు.

పాత సైకిలు కొనేటప్పుడు ఇవి చూడాలి:

1. ఫ్రేము అతుకుల దగ్గర పగులు ఉందా? ఉంటే ఆ సైకిలు వద్దు.

2. చక్రం ఎత్తి తిప్పితే పక్కలకు ఊగుతోందా?

3. టైరు పగుళ్లు పట్టిందా?

4. బ్రేకు పట్టి తోస్తే చక్రం ఆగుతోందా?

5. చైను తుప్పు పట్టి బిగుసుకుందా?

టైరు, చైను, బ్రేకు రబ్బర్లు మార్చుకోవచ్చు. ఫ్రేము పగిలితే మాత్రం నష్టం.

ఏది ముందు, ఏది తర్వాత?

సైకిలు వచ్చింది. ఇక దానికి సామాన్లు. షాపులో రంగురంగుల సామాన్లు వేలాడుతుంటాయి. అన్నీ కావాలనిపిస్తుంది. డబ్బు కొంచెమే. చేపలక్క ఒక వరస పెట్టుకుంది.

ముందు ప్రాణం కాపాడేవి. తర్వాత కూడు పెట్టేవి. ఆఖరుకు అందం తెచ్చేవి.

ప్రాణం కాపాడేవి: కొత్త బ్రేకు రబ్బర్లు, బెల్లు, చైను కవరు, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ. తెల్లారకముందే బయలుదేరాలి కాబట్టి ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు. రిఫ్లెక్టరుకు కరెంటు అక్కర్లేదు. వెనక వచ్చే లారీ వెలుతురు పడితే అదే మెరుస్తుంది. ఇవన్నీ మొదటి నెలలోనే కొంది.

కూడు పెట్టేవి: గట్టి క్యారియరు, రెండు కాళ్ల స్టాండు, మూతవున్న ఐసుపెట్టె. ఒక్క కాలు స్టాండు మీద బరువు పెడితే సైకిలు పడిపోతుంది. చేప చెడకుండా ఉండాలంటే కిలో చేపకు కిలో ఐసు వేయమంటారు. 10 కిలోల చేపకు 10 కిలోల ఐసు. మొత్తం 20 కిలోలు. అందుకే ఇసుక సంచితో 20 కిలోల దాకా నేర్చుకుంది. పెట్టెను పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టింది. ఇవి ఒక్కొక్కటిగా మూడు నెలల్లో కొంది. చేపలు అమ్మిన డబ్బుతోనే కొంది.

అందం తెచ్చేవి: హ్యాండిలుకు కుచ్చులు, పూల స్టిక్కర్లు, కొత్త సీటు కవరు. ఇవి తప్పేమీ కాదు. తిరునాళ్లకు కుచ్చులు మాత్రం కొనుక్కుంది.

ఉప్పుగాలి, పంచరు

సముద్రం ఒడ్డున ఇనుముకు శత్రువు ఉప్పు. గాలిలోనూ ఉప్పే. ఐసుపెట్టెలోంచి కారే నీళ్లలోనూ ఉప్పే. అందుకే చేపలక్క ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో సైకిలు తుడుస్తుంది. తర్వాత పొడిగుడ్డతో తుడుస్తుంది. వారానికి ఒకసారి చైను శుభ్రం చేసి సైకిలు నూనె వేస్తుంది. ఎక్కువైన నూనె తుడిచేస్తుంది. జిడ్డు ఉంటే ఇసుక అంటుకుంటుంది. ఇసుక చైనును అరగదీస్తుంది. బ్రేకు రబ్బర్లకు, రిమ్ముకు మాత్రం నూనె తగలకూడదు. తగిలితే బ్రేకు పట్టదు.

పంచరు వేయడం మేనకోడలితో కలిసి నేర్చుకుంది. ట్యూబులో గాలి కొట్టి నీళ్లలో ముంచాలి. బుడగలు వచ్చిన చోట చిల్లి ఉంటుంది. ఆ చోటు ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, కాస్త ఆరనిచ్చి, ముక్క అతికించి నొక్కాలి. టైరు ఎక్కించేముందు లోపల ముల్లు ఉందేమో తడిమి చూడాలి. ముల్లు ఉండిపోతే మళ్లీ పంచరే.

ఈ గాలి టైరుకు ఒక కథ ఉంది. జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. తన చిన్న కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గాలని చక్రాలకు గాలి గొట్టాలు అమర్చాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పిల్లవాడి కోసం చేసిన పని లోకమంతా పనికొచ్చింది.

పళ్ల లెక్క

కొన్ని నెలలయ్యాయి. వేసవి వచ్చింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు సముద్రపు గాలి ఎదురు కొడుతోంది. పెడలు బరువుగా ఉంది. "గేరు సైకిలు కొనాలేమో" అనుకుంది చేపలక్క. సైకిలు షాపుకు పోయి అడిగింది. మెకానిక్కు పళ్లు లెక్కపెట్టమన్నాడు.

పెడలు దగ్గర పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. వెనక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతుంది. వెనక 22 పళ్లది వేస్తే? 44ను 22తో భాగిస్తే 2. రెండు చుట్లే తిరుగుతుంది. దూరం తగ్గింది. కానీ కాలిమీద బరువు కూడా తగ్గింది.

వెనక పళ్లు పెరిగితే తేలిక, నిదానం. పళ్లు తగ్గితే బరువు, వేగం. గేరు సైకిలులో వెనక ఇలాంటి చక్రాలు చాలా ఉంటాయి. అవసరాన్ని బట్టి చైను ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి మారుతుంది. కొండ ఎక్కేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. మన తీరం చదునుగా ఉంటుంది. చేపలక్కకు వెనక చక్రం ఒక్కటి మారిస్తే సరిపోయింది. చైనుకు రెండు లింకులు కలపాల్సి వచ్చింది. కొత్త సైకిలు ఖర్చు తప్పింది.

తెలియకపోతే ఎక్కువ ఖర్చు. తెలిస్తే తక్కువ ఖర్చు.

బెల్లు మోగింది

ఇప్పుడు చేపలక్క పై ఊరికి మోపెడ్లవాళ్లతో పాటే చేరుతోంది. వీధి మొదట్లో బెల్లు కొడుతుంది. ఇల్లాళ్లు గిన్నెలు పట్టుకుని వస్తారు.

"ఏందమ్మా, ఈమధ్య చేప గట్టిగా ఉంటోందే!" అంది ఆ మొదటి ఇల్లాలు.

"ఐసులో ఉంది గదమ్మా. గంట ముందు కూడా వచ్చినా" అంది చేపలక్క.

అన్ని రోజులూ ఒకేలా ఉండవు. వేటకు పోని రోజులు ఉంటాయి. వేట నిషేధం నెలలు ఉంటాయి. పంచరయిన రోజులూ ఉంటాయి. కానీ మెడ గుంజడం తగ్గింది. మిగిలిన 80 నిమిషాలూ ఆమెవి. ఆ సమయంలో వారానికి మూడు సాయంత్రాలు చదువుకుంటోంది. ఒక సాయంత్రం తుపాను షెల్టరు దగ్గర పక్కింటి వదినకు సైకిలు నేర్పుతోంది.

"పడతానేమో!" అంటోంది వదిన.

"పడితే లేద్దువులే" అంటోంది చేపలక్క.

అభ్యాసం

1. చేపలక్కకు మీరు పెట్టిన పేరు: ______________

2. ఆలోచించండి, మాట్లాడుకోండి: మొగుడి సైకిలు ఉండగా చేపలక్క సొంత సైకిలు ఎందుకు కొంది? మీ ఇంట్లో మీ సొంతం అని చెప్పదగ్గ వస్తువులు ఏవి?

3. లెక్క చేయండి: మీ ఇంటి నుంచి మీరు పనికి పోయే చోటు ఎంత దూరం? నడిస్తే ఎంతసేపు? సైకిలు మీద ఎంతసేపు?

4. చేసి చూడండి: ఒక సైకిలు దగ్గర కూర్చోండి. ముందు పళ్లు, వెనక పళ్లు లెక్కపెట్టి రాయండి. ముందు: ____ వెనక: ____

5. వరస పెట్టండి: కుచ్చులు, బ్రేకు రబ్బర్లు, క్యారియరు, బెల్లు. ఏది ముందు కొంటారు? ఎందుకు?